ఏళ్ల విరామం తర్వాత మళ్లీ మట్టిదారి మీద బండి: తిరిగి మొదలుపెట్టేవారికి

ఇరవై ఏళ్ల వయసులో యమహా ఆర్‌ఎక్స్ 100 మీదనో మరో రెండు స్ట్రోకుల బండి మీదనో చెరువు కట్టలు, గుట్టలు, బండ్లబాటలు తిరిగి, తర్వాత ఉద్యోగం, సంసారం, నగరవాసం వల్ల దానికి పూర్తిగా దూరమై, నలభయ్యో యాభయ్యో దాటాక మళ్లీ మట్టిదారి ఎక్కాలనుకునేవారు తెలుగునాట చాలామందే ఉన్నారు. ఈ వ్యాసం వారిని ఉద్దేశించి రాసినది. కొత్తగా నేర్చుకునేవారికీ తిరిగి మొదలుపెట్టేవారికీ ప్రమాదం ఒకే చోట ఉండదు. కొత్తవారు భయంతో నెమ్మదిగా వెళ్తారు కాబట్టి వారి బలానికీ వేగానికీ పెద్ద తేడా ఉండదు. తిరిగి వచ్చినవారికి క్లచ్ పట్టు, తూకం, మలుపులో కాలు చాపడం వంటివి ఒకటి రెండు గంటల్లోనే గుర్తుకొస్తాయి. వాటితోపాటే పాత వేగమూ వచ్చేస్తుంది. ఆ వేగాన్ని మోయవలసిన ముంజేతులు, తొడలు, నడుము, మెడ మాత్రం ఇంకా కుర్చీకే అలవాటుపడి ఉంటాయి. కింది సూచనలన్నీ ఈ వ్యత్యాసాన్ని దృష్టిలో పెట్టుకుని చెప్పినవే.

ముందు శరీరం

బండి కొనడానికి కనీసం రెండు నెలల ముందు నుంచి శరీరాన్ని సిద్ధం చేసుకోవడం మొదలుపెట్టాలి. రక్తపోటు, చక్కెర, మోకాళ్లు, నడుము ఎలా ఉన్నాయో వైద్యునికి చూపించుకుని, చేయబోయే పని ఏమిటో దాచకుండా చెప్పాలి. రక్తం పలచబడే మందులు వాడుతున్నవారికి చిన్న దెబ్బ కూడా పెద్దదవుతుంది కాబట్టి ఆ సంగతి వైద్యునితో తప్పకుండా మాట్లాడాలి. ఆ తర్వాత బస్కీలు, దండీలు, మోచేతుల మీద ఆని శరీరాన్ని బల్లలా నిలిపి ఉంచే ప్లాంక్, రోజుకు అరగంట వేగంగా నడవడం లేదా సైకిలు తొక్కడం చాలు. వ్యాయామశాల తప్పనిసరి కాదు. పిడికిలి పట్టు కోసం నీళ్లు నింపిన రెండు బకెట్లను చెరొక చేత పట్టుకుని మేడ మీద అటూ ఇటూ నడవడం మంచి అభ్యాసం. వీటన్నిటిలో బస్కీలకే ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వాలి. మట్టిదారిలో ఎక్కువసేపు ఫుట్‌రెస్ట్‌ల మీద నిలబడే నడపాలి. తొడలు అలసిపోయిన మరుక్షణం మనిషి తన బరువునంతా హ్యాండిల్ మీద వేలాడదీస్తాడు, దానితో ముంజేతులు బిగుసుకుపోయి బ్రేకు నొక్కే వేలు కూడా మాట వినని స్థితి వస్తుంది.

కంటి విషయం చాలామంది పట్టించుకోరు. నలభై దాటాక దూరానికీ దగ్గరకూ కలిపి ఒకే అద్దంలో చూపు సవరించిన కళ్లద్దాలు పెట్టుకునేవారికి ఆ అద్దం కింది భాగం చదువుకోవడానికి ఉద్దేశించినది. ఆ భాగంలోంచి చూస్తే చక్రం ముందరి నేల మసకగా కనిపిస్తుంది, గుంత లోతు అంచనాకు అందదు. దూరపు చూపుకు మాత్రమే చేయించిన విడి కళ్లద్దాలు, వాటి మీద పట్టేంత వెడల్పైన గాగుల్స్ తీసుకోవడం మేలు.

కాగితాల పని కూడా ఈ రెండు నెలల్లోనే పూర్తి చేయవచ్చు. డ్రైవింగ్ లైసెన్సు గడువు తీరి ఏడాది దాటితే, 2019 నాటి చట్ట సవరణ ప్రకారం, మళ్లీ డ్రైవింగ్ పరీక్షకు హాజరుకావాలి. నలభై దాటినవారు ఫారం 1ఏ వైద్య ధ్రువపత్రం జతచేయాలి. పాత బండినే బయటికి తీస్తున్నట్లయితే 15 ఏళ్లకు ముగిసే రిజిస్ట్రేషన్‌ను పొడిగించుకోవాలి. బీమా పాలసీలో పోటీలనూ వేగపరీక్షలనూ సాధారణంగా మినహాయిస్తారు కాబట్టి ఆ షరతులను ఒకసారి చదివి తెలుసుకోవాలి.

ఏ బండి?

ఇక్కడ నా అభిప్రాయం ఖచ్చితమైనది: మొదటి ఏడాది దొరికినంతలో తేలికైన బండినే ఎంచుకోవాలి. 1985 నుంచి 1996 వరకు తయారైన ఆర్‌ఎక్స్ 100 బరువు దాదాపు 100 కిలోలు. మన జ్ఞాపకంలో ఉన్న తూకం, బండి మాట వినే తీరు అంతా ఆ బరువుకు సంబంధించినది. నేటి బండ్లలో హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ దాదాపు 160 కిలోలు, రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 అయితే 196 కిలోలు. హిమాలయన్ దూరప్రయాణానికి చాలా మంచి బండి, గతుకుల రోడ్డును లెక్కచేయదు. కానీ వాగు ఒడ్డున బురదలో దాన్ని మూడోసారి లేపేసరికి ఆ రోజు శక్తి అంతా అయిపోతుంది. కవాసాకి కేఎల్ఎక్స్ 230 దాదాపు 139 కిలోలతో తేలికగా ఉంటుంది గాని, సీటు 880 మిల్లీమీటర్ల ఎత్తున ఉండటంతో ఐదున్నర అడుగుల మనిషికి మునివేళ్లే ఆనుతాయి. ఎక్స్‌పల్స్ సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు, నేలకూ ఇంజనుకూ మధ్య ఖాళీ 220 మిల్లీమీటర్లు, ముందు చక్రం 21 అంగుళాలు. విడిభాగాలు మండల కేంద్రాల్లో కూడా దొరికే అవకాశం ఎక్కువ. తిరిగి మొదలుపెట్టేవారికి ఇది సరిపోతుంది. 2011లో వచ్చిన హీరో ఇంపల్స్ 150 మంచి స్థితిలో పాతది దొరికితే అదీ ఆలోచించదగినదే.

అటక కిందో షెడ్డులోనో ఏళ్లుగా నిలిచిపోయిన పాత బండితోనే మొదలుపెట్టాలనుకుంటే, దాన్ని కిక్కు కొట్టి స్టార్ట్ చేయడం కన్నా ముందు చేయవలసిన పనులు ఉన్నాయి. ట్యాంకులోని పాత పెట్రోలు తీసేసి, తుప్పు చూసి, కార్బురేటర్ విప్పి శుభ్రం చేయించాలి. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు గొట్టాలు, వాషర్లు దానికి తగినవి కావు కాబట్టి మార్పించుకోవాలి. ఫోర్కు సీళ్లు, బ్రేకు షూలు, కేబుళ్లు కొత్తవి వేయించాలి. టైరు పక్కన ఉండే నాలుగు అంకెల్లో మొదటి రెండూ తయారైన వారాన్ని, చివరి రెండూ సంవత్సరాన్ని చెబుతాయి; 2317 అని ఉంటే అది 2017లో 23వ వారం. పళ్లు అరగకపోయినా రబ్బరు గట్టిపడిన టైరు తడి బండ మీద నిలవదు.

కొత్త బండి ఎక్కేవారు అలవాటు చేసుకోవలసిన మార్పులు రెండు. మొదటిది, నాలుగు స్ట్రోకుల ఇంజను యాక్సిలరేటర్ వదలగానే బండిని గట్టిగా వెనక్కి లాగుతుంది. రెండు స్ట్రోకుల బండికి ఈ గుణం చాలా తక్కువ. దిగుడులో ఇది పెద్ద సాయం, మలుపు మధ్యలో హఠాత్తుగా వదిలితే మాత్రం వెనుక చక్రం జారవచ్చు. రెండవది ఏబీఎస్, అంటే బ్రేకు ఎంత గట్టిగా వేసినా చక్రం తిరగడం పూర్తిగా ఆగి జారిపోకుండా చూసే ఏర్పాటు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లన్నిటికీ ఇది తప్పనిసరి. తారు రోడ్డు మీద ఇది ప్రాణాలు కాపాడుతుంది. వదులు మట్టిలో ఆగే దూరాన్ని పెంచుతుంది, ఎందుకంటే అక్కడ ఆగిన చక్రం తన ముందు మట్టిని కుప్పగా నెట్టి దానికి ఆనుకునే ఆగాలి. వెనుక చక్రానికి ఏబీఎస్ ఆపుకునే వీలున్న బండి అయితే మట్టిలోకి దిగేముందు ఆపి, తిరిగి రోడ్డెక్కేటప్పుడు తప్పక వేసుకోవాలి. చాలా బండ్లలో తాళం తీసి మళ్లీ పెడితే ఏబీఎస్ తనంతట తానే మొదలవుతుంది కాబట్టి టీ తాగడానికి ఆగి బయలుదేరిన ప్రతిసారీ మీటరు మీది దీపం చూసుకోవాలి.

ఒంటిమీద వేసుకునేవి

డబ్బు పరిమితంగా ఉంటే హెల్మెట్, బూట్లు, మోకాలి కవచాలు, ఈ వరుసలో ఖర్చుపెట్టాలి. పాత హెల్మెట్ చూడటానికి బాగున్నా లోపలి నురగ, జిగురు కాలంతో బలహీనపడతాయి. దాన్ని పక్కనపెట్టి ఐఎస్ఐ గుర్తు ఉన్న కొత్తది కొనాలి. బూట్ల విషయంలో చాలామంది పట్టణంలో దొరికే సైనిక బూట్లతో సరిపెట్టుకుంటారు, అది పొరపాటు. మట్టిదారిలో ఎక్కువగా జరిగేది బండి పక్కకు ఒరిగి కాలు దాని కింద ఇరుక్కోవడం. అప్పుడు చీలమండ మెలిపడకుండా ఆపేది మోకాలి దిగువదాకా వచ్చే, అడుగు గట్టిగా ఉండే మోటోక్రాస్ బూటు మాత్రమే. మోకాలి కవచాల తర్వాత ఛాతీకీ వెన్నుకూ కలిపి వచ్చే కవచం, చేతి గ్లవ్స్. ఎడారుల మీదుగా సాగే డకార్ ర్యాలీ పందెంలో 2021 నుంచి గాలిసంచి (ఎయిర్‌బ్యాగ్) జాకెట్‌ను తప్పనిసరి చేశారు. మనకు అది అవసరమా అన్నది స్తోమతను బట్టి నిర్ణయించుకోవచ్చు, పైన చెప్పినవి మాత్రం ఒక్కటీ వదలడానికి లేదు.

బూట్లు వచ్చాక బండిని వాటికి తగినట్టు సరిచేసుకోవాలి. మందపాటి బూటు గేరు కడ్డీ కిందికి దూరదు, దాన్ని బిగించే చోటి పళ్లలో ఒక పన్ను పైకి జరిపించాలి. క్లచ్, బ్రేకు లీవర్లను నిలబడినప్పుడు మణికట్టు వంగకుండా వేళ్లు అందేలా కొంచెం కిందికి తిప్పుకోవాలి; లీవర్ల బిగింపును బండి పడినప్పుడు లీవరు విరగకుండా తిరిగేంత వదులుగా ఉంచాలి. టైర్లలో గాలి రోడ్డు కోసం తయారీదారు చెప్పినంత కాక, మట్టిలో 18 నుంచి 22 పీఎస్ఐ దాకా తగ్గించుకుంటే పట్టు స్పష్టంగా పెరుగుతుంది. ట్యూబు టైర్లలో అంతకన్నా తగ్గిస్తే రాతికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పగులుతుంది. తిరిగి గాలి నింపుకోవడానికి చిన్న పంపు వెంట ఉండాలి.

మొదటి సాధన

మొదటి కొన్ని వారాలు దారి వద్దు, మైదానం కావాలి. కోత అయిపోయిన చేనో, ఎండాకాలం ముందు నీరు తగ్గిన చెరువు శిఖమో, సంబంధించినవారిని అడిగి, ఒక పూట వాడుకుంటే చాలు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఉదయపు వేళలు దీనికి అనువైనవి.

మొదట చేయవలసింది అతి నెమ్మదిగా నడపడం. మొదటి గేరులో, క్లచ్‌ను సగం పట్టి, వెనుక బ్రేకును కొద్దిగా తాకిస్తూ, మనిషి నడిచే వేగం కన్నా తక్కువలో కాలు కింద పెట్టకుండా యాభై అడుగులు వెళ్లగలగాలి. ఇది వచ్చాక రెండు రాళ్లు పెట్టి వాటి చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో తిరగాలి. ఈ నెమ్మది మలుపుల్లో బండిని లోపలికి వంచి, శరీరాన్ని బయటివైపు నిటారుగా ఉంచి, బయటి ఫుట్‌రెస్ట్ మీద బరువు వేయాలి. తారు రోడ్డు మీద బండితోపాటు వంగే అలవాటును ఇక్కడ వదిలిపెట్టాలి. చూపు ఎప్పుడూ బయటికి వెళ్లవలసిన చోట ఉండాలి. గతంలో బాగా నడిపినవారికి ఈ అభ్యాసం చిన్నపిల్లల పాఠంలా అనిపించి విసుగు పుట్టవచ్చు, కానీ గుట్ట మీద ఇరుకు దారిలో బండి తిప్పుకోవలసి వచ్చినప్పుడు పనికొచ్చేది ఇదొక్కటే.

తర్వాత నిలబడటం. పాదాల మధ్యభాగం ఫుట్‌రెస్ట్ మీద, మోకాళ్లు కొద్దిగా వంచి ట్యాంకుకు అదిమి, నడుము దగ్గర వంగి, మోచేతులు బయటికి ఎత్తి నిలబడాలి. చేతులు హ్యాండిల్‌ను పట్టుకోవాలే గాని దాని మీద వేలాడకూడదు. సరిగా నిలబడ్డారో లేదో తెలుసుకోవడానికి, సమతలం మీద వెళ్తూ రెండు చేతుల వేళ్లనూ ఒక్క క్షణం వదులు చేసి చూస్తే శరీరం ముందుకు పడకుండా ఉండాలి. క్లచ్ మీద ఒక వేలు, ముందు బ్రేకు మీద ఒక వేలు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి.

బ్రేకుల అభ్యాసానికి ఒక పూట పూర్తిగా కేటాయించినా తప్పులేదు. గంటకు ముప్పై కిలోమీటర్లు దాటని వేగంలో మొదట వెనుక బ్రేకుతో వెనుక చక్రాన్ని కావాలనే ఆపి, బండి తోక ఊగడం ఎలా ఉంటుందో అలవాటు చేసుకోవాలి. ఆ తర్వాత ముందు బ్రేకును మెల్లగా మొదలుపెట్టి క్రమంగా పెంచుతూ, చక్రం ఆగబోయే క్షణాన్ని వేలితో గుర్తించడం నేర్చుకోవాలి. మట్టిలో ముందు బ్రేకు ముట్టుకోకూడదని మన పాత తరం నమ్మకం ఒకటి ఉంది. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు అది నిజం. తిన్నగా వెళ్తున్నప్పుడు మాత్రం మట్టిలో కూడా బండిని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే.

వాలులకు ఆ తర్వాతే వెళ్లాలి. దిగేటప్పుడు మొదటి లేదా రెండో గేరులో క్లచ్ పట్టకుండా, నడుమును వెనక్కి జరిపి, వెనుక బ్రేకుతో, అవసరమైతే ముందు బ్రేకును సున్నితంగా కలిపి దిగాలి. ఎక్కేటప్పుడు ఊపును కింద సమతలం మీదనే తెచ్చుకోవాలి. మధ్యలో ఇంజను ఆగిపోతే క్లచ్ పట్టకుండా గేరులోనే ఉంచి, ముందు బ్రేకు పట్టుకుంటే బండి వెనక్కి జారదు. అక్కడి నుంచి కంగారు లేకుండా బండిని పైవాలు వైపు ఒరిగించి, తిప్పుకుని దిగవచ్చు.

మన నేలలు

తెలంగాణ, రాయలసీమల్లో ఎక్కువగా ఎదురయ్యేది మొరం. గట్టి నేల మీద సన్నని గుండ్రటి రాళ్లు పరుచుకుని ఉండే ఈ దారిలో మలుపు తీసుకోవడం గోలీల మీద నడవడం వంటిది. వేగం తగ్గించడమంతా మలుపుకు ముందే పూర్తి చేసి, మలుపులో యాక్సిలరేటర్‌ను ఒకే తీరుగా కొద్దిగా తెరిచి ఉంచాలి. నల్లరేగడి తడిసిందంటే దానిలోకి దిగకపోవడమే తెలివైన పని. ఆ మట్టి టైరుకు అంటుకుని మడ్‌గార్డ్ మధ్య నిండిపోయి చక్రాన్నే ఆపేస్తుంది. ఎండిన రేగడిలో ముందు చక్రం నెర్రెల్లో చిక్కుకుంటుంది, కాబట్టి వాటిని అడ్డంగా దాటాలి. పెన్నలోనో కృష్ణ పాయల్లోనో ఇసుక మీద వెళ్లేటప్పుడు బరువు వెనక్కి వేసి, ముందు చక్రం అటూ ఇటూ ఊగుతున్నా దానితో పెనుగులాడక, దూరంగా చూస్తూ వేగం తగ్గనివ్వకుండా వెళ్లాలి. ఇది రాయడానికి సులువు, చేయడానికి కష్టం, మొదటి ఆరు నెలల్లో రాకపోయినా నిరాశపడనక్కరలేదు. దక్కను పీఠభూమిలో అంతటా కనిపించే నల్లరాతి పరుపుబండ పొడిగా ఉన్నప్పుడు ఇచ్చినంత పట్టు మరే నేలా ఇవ్వదు, వానాకాలంలో నాచు పట్టాక అదే బండ మీద నిలబడటం కూడా కష్టం.

నేల కన్నా ప్రమాదకరమైనవి మన పొలాల్లో కొన్ని ఉన్నాయి, వాటి గురించి విదేశీ పాఠాల్లో దొరకదు. గట్టు లేని వ్యవసాయ బావులు వాటిలో మొదటివి. కంపచెట్ల చాటున నేలమట్టానికి నోరు తెరుచుకుని ఉండే ఈ బావులు పదడుగుల దగ్గరికి వచ్చేదాకా కనిపించవు. బాట వదిలి చేలకు అడ్డం పడి వెళ్లకపోవడానికి ఇదొక్క కారణం చాలు. అడవి పందుల కోసం పంట చుట్టూ కరెంటు తీగ పెట్టేవారు ఇప్పటికీ ఉన్నారు, కాబట్టి చీకటి పడ్డాక పొలం గట్లు తిరగకూడదు. ముళ్లకంచె తీగ, బోరు కేబుళ్లు, డ్రిప్పు పైపులు దారికి అడ్డంగా ఉంటాయి. సర్కారు తుమ్మ ముళ్లు టైరులో దిగడం రోజూ జరిగేదే కనుక టైరు విప్పే కడ్డీలు, అదనపు ట్యూబు వెంట ఉంచుకుని, ఇంటి దగ్గర ఒకసారి మార్చి చూసుకోవాలి. గొర్రెల మంద ఎదురైతే ఇంజను ఆపి మంద దాటేదాకా ఆగాలి.

అడవుల విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. అమ్రాబాద్, నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యాల్లోకి, పాపికొండల జాతీయ ఉద్యానంలోకి అనుమతి లేకుండా వెళ్లడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. నల్లమలలో తారు రోడ్డు దిగి బాట పట్టడం ఎంత ఆకర్షణీయంగా ఉన్నా మానుకోవాలి. అక్కడ ఇంజను మోత వినని ప్రాణులకు ఆ నిశ్శబ్దం మీద మనకన్నా ఎక్కువ హక్కు ఉంది.

పడినప్పుడు, అలసినప్పుడు

పడటం తప్పదు. బండి ఇక నిలవదని తెలిసిన క్షణంలో దాన్ని వదిలేయాలి. ఆపాలని చేయి చాపి నేలను అడ్డుకుంటే మణికట్టు, మెడ కింది ఎముక విరుగుతాయి. లేపే ముందు ఇంజను ఆపి, గేరులో వేసి, బండి కుడివైపు పడి ఉంటే సైడ్ స్టాండు ముందే దించాలి. వీపును సీటుకు ఆనించి, కూర్చుని, నడుము వంచకుండా కాళ్ల బలంతో వెనక్కి నెట్టాలి. వాలు మీద పడితే చక్రాలు పల్లం వైపు వచ్చేలా బండిని నేల మీదనే జరిపి, అప్పుడు లేపాలి.

ఎప్పుడు ఆపాలన్నది ఎలా నడపాలన్నంత ముఖ్యమైన విషయం. నిలబడవలసిన చోట కూర్చోవడం మొదలైనప్పుడు, చూపు దూరం నుంచి ముందు చక్రం దగ్గరికి వచ్చినప్పుడు, క్లచ్ పట్టే వేలు ఆలస్యం చేస్తున్నప్పుడు శరీరం చాలని చెబుతున్నట్టే. ‘ఇంకొక్క చుట్టు’ అనిపించే సమయమూ సరిగ్గా అదే. మొదటి నెలల్లో గంటా గంటన్నర చాలు. వీపుకు తగిలించుకునే నీళ్ల సంచిలో ఓఆర్ఎస్ కలిపిన నీరు ఉండాలి; దాహం వేసేదాకా ఆగకుండా తాగుతుండాలి.

ఒంటరిగా వెళ్లకూడదు. తోడు ఉన్నా ఏ బాటన వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగి వస్తారో ఇంట్లో చెప్పి వెళ్లాలి. 108కి ఫోను చేయవలసి వస్తే చెప్పడానికి దగ్గరలోని ఊరి పేరు ఎప్పటికప్పుడు తెలుసుకుంటూ ఉండాలి. తోడు వచ్చేవారు మీకన్నా చాలా వేగంగా నడిపేవారైతే వారితో పోటీ వద్దు, వెనుక నుంచి వారు ఎంచుకునే దారిని గమనిస్తే ఎంతో నేర్చుకోవచ్చు. వీలున్నవారు ఒకసారి శిక్షణకు వెళ్లడం మంచిది. 2015లో డకార్ ర్యాలీ పూర్తిచేసిన తొలి భారతీయుడు సి.ఎస్. సంతోష్ కర్ణాటకలోని కోలారు ప్రాంతంలో నెలకొల్పిన బిగ్‌రాక్ డర్ట్‌పార్క్ అనంతపురం, చిత్తూరు జిల్లాల వారికి దగ్గరే. ఏళ్లనాటి పాత అలవాట్లలో ఏవి ఉంచుకోవాలో ఏవి వదులుకోవాలో పక్కనుండి చూసే గురువు చెప్పినంత బాగా మనకు మనం చెప్పుకోలేం.

ఇంటికి చేరాక బండిని కడగడం కన్నా ముందు ఎయిర్ ఫిల్టరు తీసి చూడాలి. మన ఎర్రమట్టి దుమ్ము సన్ననిది. ఫిల్టరు దాటి ఇంజనులోకి వెళ్లిందంటే సిలిండరును అరగదీస్తుంది. చైను శుభ్రం చేసి నూనె వేసి, చక్రాల పుల్లలను ఒక్కొక్కటిగా వేలితో మీటి వదులైనవాటిని బిగించుకుని, తారు రోడ్డుకు తగినట్టు గాలి నింపాలి. మర్నాడు ముంజేతులు, తొడలు నొప్పిగా ఉండటం సహజం. ఆ నొప్పి పూర్తిగా తగ్గాకే మళ్లీ బండి తీయాలి, తీసిన మొదటి పది నిమిషాలూ మళ్లీ ఎనిమిది అంకెతోనే మొదలుపెట్టాలి.